రిమార్కుల గడి

నాకు కోపం ఎక్కువ. నేను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మా ల్యాబ్‌లో అందరికీ తెలిసిన సంగతే. ఏదైనా వార్డు నుంచి ఫోన్ చేసి "రిపోర్టు ఇంకా రాలేదేంటి?" అని ఎవరైనా గొంతు పెంచితే, పక్కవాళ్లు ఫోన్ నా చేతికిచ్చి టీ తాగడానికి వెళ్లిపోతారు. ఆ తర్వాత రెండు రోజులు ఆ వార్డు మా జోలికి రాదు. ఇన్నేళ్లూ అదేదో నా గొప్ప అనుకున్నాను. వాళ్లు ఫోన్ చేయడం మానేశారంటే నేను గెలిచానని లెక్క. ఇప్పుడు ఆ గెలుపు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. ఏ ల్యాబో చెప్పను. ఉండేది డాలీగంజ్‌లో. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, మేమంతా ఇక్కడే పుట్టాం. బడిలో హిందీ, బజార్లో హిందీ, ఇంట్లో సగం తెలుగు సగం హిందీ. తెలుగు చదవడం, రాయడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నది నేనొక్కదాన్నే. నాకంటే ఆరేళ్లు పెద్దదైన మా అక్కకు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. పెళ్లయ్యాక అక్క ఇంకో ద్వీపానికి వెళ్లింది. ఇక్కడి నుంచి ఓడలో ఐదారు గంటలు. అక్కడ బెండ, వంగ, ఆనప పండించి బజార్లో కూర్చుని అమ్ముతుంది. నాకు తల్లి తర్వాత తల్లి అదే.

ఆ ద్వీపంలో చిన్న ఆసుపత్రి ఉంది, ఒకే డాక్టరు ఉంటాడు. రక్తం తీయగలరు కానీ చాలా పరీక్షలు అక్కడ కావు. రక్తం గొట్టాలు ఐస్ పెట్టెలో పెట్టి పొద్దుటి ఓడకు పంపిస్తారు, మధ్యాహ్నానికి మా దగ్గరికొస్తాయి. పేరు, వయసు, జబ్బు వివరాలతో డాక్టరు రాసిన చీటీ మా కౌంటరు దగ్గర ఆగిపోతుంది. లోపల నా చేతికి వచ్చేది ఊరి పేరు, నంబరు రాసిన గొట్టం ఒక్కటే. దాన్ని మెషిన్‌లో పెట్టి గిరగిరా తిప్పితే ఎర్రదంతా అడుక్కి దిగి పైన లేత పసుపు నీరు తేలుతుంది. పరీక్ష చేసేది ఆ నీటినే. ఆ పసుపు నీరు ఎర్రగా తేలిందంటే తీసేటప్పుడో దారిలోనో రక్తకణాలు పగిలాయని అర్థం. అప్పుడు కొన్ని అంకెల్ని నమ్మకూడదు, అందులోనూ పొటాషియాన్ని అసలు నమ్మకూడదు. కణాల లోపలుండే పొటాషియం బయటికి కారి, మనిషి ఒంట్లో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

అలాంటి గొట్టం వస్తే నేను ఏం చేస్తానంటే, రిజిస్టరులో అంకె వేసి, దాని పక్కన రిమార్కుల గడిలో ఎర్ర సిరాతో, "శాంపిల్ పాడైంది, మళ్లీ పంపాలి" అని రాస్తాను. గుండ్రంగా, ఎవరైనా చదవగలిగేలా రాస్తాను. నా చేతిరాత చూసి కొత్తగా చేరినవాళ్లు మెచ్చుకుంటారు. మా అక్క ద్వీపం నుంచి వచ్చే గొట్టాలకు ఆ ఎర్ర రాత మామూలైపోయింది. వాళ్లకు సూది గుచ్చడం చేతకాదని మా ల్యాబ్‌లో అందరం నవ్వుకునేవాళ్లం. ఎన్నిసార్లు మళ్లీ పంపమని రాసినా పంపరు, ఎంత పొగరు అని నేను తిట్టుకునేదాన్ని. ఒక్కసారైనా ఫోన్ తీసి "ఎందుకు పంపట్లేదు?" అని అడగలేదు. అడగడం నా పని కాదనుకున్నాను. నేను రాశాను కదా!

ఒక వానాకాలం ఉదయం బావ ఫోన్ చేశాడు. అక్క బజార్లో కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిందట. కాళ్లు చచ్చుబడిపోయాయట. ఓడలో ఎక్కించి తీసుకొస్తున్నారు. ఆ పూట నేను ల్యాబ్‌లో ఏం చేశానో నాకు గుర్తులేదు. మధ్యాహ్నం జెట్టీ దగ్గర స్ట్రెచర్ దించేటప్పుడు అక్క చెయ్యి పక్కకు వేలాడుతోంది. ఆ చేతిని పట్టుకుంటే అది తిరిగి నన్ను పట్టుకోలేదు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. "నాకేటీ అవ్వనేదే" అంది, గొంతు సరిగా పైకి రాకుండా.

క్యాజువాలిటీలో ఈసీజీ తీశారు. అక్కడికక్కడే రక్తం పరీక్ష చేశారు. పొటాషియం రెండు పాయింట్ ఒకటి. మనిషికి మూడున్నరకీ ఐదుకీ మధ్య ఉండాలి. రెండు అంటే గుండె కొట్టుకునే తీరు తప్పుతుంది, ఏ నిమిషంలోనైనా ఆగిపోవచ్చు. డ్యూటీ డాక్టరమ్మ మందు ఎక్కిస్తూ నా వైపు తిరిగి, ఇన్ని రోజులు ఎలా ఊరుకున్నారని కసిరింది. అక్కకు వారం రోజులుగా విరేచనాలని నాకు అప్పుడే తెలిసింది.

బయట బెంచీ మీద బావ ప్లాస్టిక్ కవరు పట్టుకుని కూర్చున్నాడు. అందులోంచి ఒక రిపోర్టు తీసి ఇచ్చాడు. మూడు రోజుల కిందటిది. పొటాషియం నాలుగు, నార్మల్. పైన మా ల్యాబ్ పేరు.

"మీ ల్యాబుదేనమ్మా," అన్నాడు బావ. "డాక్టరు ఎందుకైనా మంచిది పోర్ట్ బ్లెయిర్ ఎల్లిపోండన్నాడు. మీ అక్కే ఒప్పుకోనేదు. మా చెల్లి సూసి పంపినాది, నార్మలని ఒచ్చినాది, ఇంకెందుకు ఎల్లడం అనీసింది. బీపీ మాత్రలు ఎప్పట్లాగే ఏసుకుంది."

ఆ బీపీ మాత్ర ఒంట్లో నీటిని బయటికి పంపేది. నీటితో పాటు పొటాషియం కూడా పోతుంది. విరేచనాలతో కొంత, మాత్రతో కొంత, రోజురోజుకీ అక్క ఖాళీ అయిపోతుంటే, నా ల్యాబ్ కాగితం చేతిలో పెట్టుకుని నాకేం ఫరవాలేదని బజార్లో కూర్చుంది.

"నాకు ఫోనెందుకు చెయ్యలేదు బావా?"

"ఎలాగూ చెల్లే సూత్తాది కదా, మళ్లీ ఫోనెందుకు, దాన్ని కంగారు పెట్టడం ఎందుకనింది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదో ఒకరి మీద ఆ మంట దించుకోవాలి. ఆసుపత్రి వెనక మెట్ల మీద నిలబడి ఆ ద్వీపం డాక్టరుకు ఫోన్ చేశాను. అతను మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన కుర్ర డాక్టరు, హిందీలో మాట్లాడుకున్నాం. నేను మాట్లాడానంటే తప్పు, అరిచాను. రోగి ముఖం చూడకుండా అంకె చూసి వైద్యం చేస్తావా అన్నాను. విరేచనాలు అవుతున్న మనిషికి ఆ మాత్ర ఆపాలని ఏ కాలేజీలోనూ నేర్పలేదా అన్నాను. మీ అమ్మ అయితే ఇలాగే చేస్తావా అని కూడా అన్నాను. అతను మధ్యలో అడ్డు రాలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నెమ్మదిగా అన్నాడు.

"మేడమ్, పొటాషియం తగ్గిందని నాకు అనుమానం వచ్చింది. అందుకే శాంపిల్ పంపాను. చీటీ మీద రాశాను కూడా. విరేచనాలు, ఫలానా మాత్ర, కాళ్లలో బలం లేదు, పొటాషియం తక్కువుందేమో చూడండి అని. మీరు నార్మల్ అని పంపారు. మాత్ర ఆపుదామనుకున్నవాణ్ని, అది చూసి ఆగిపోయాను. మీ అంకె నమ్మకూడదని మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

చెప్పాం, అన్నాను. పాడైన శాంపిల్ అయితే నేను రాసే ఉంటాను, నేను రాయకుండా వదలను, చూపిస్తానుండు అని ఫోన్ పెట్టేసి ల్యాబ్‌కు నడిచాను. పరుగెత్తినట్టే నడిచాను.

రిజిస్టరు తెరిచాను. మూడు రోజుల కిందటి పేజీ. అక్క రిపోర్టు మీదున్న నంబరు వెతికి పట్టుకున్నాను. పొటాషియం నాలుగు. పక్కన రిమార్కుల గడిలో ఎర్ర సిరాతో, గుండ్రంగా, "శాంపిల్ పాడైంది, మళ్లీ పంపాలి." నా చేతిరాతే. మా అక్క రక్తాన్ని నేనే తిప్పాను, నేనే చూశాను, అది ఎర్రగా ఉందని నేనే రాశాను. ఆ సాయంత్రం ఇంటికెళ్లి చేపల పులుసు వండుకుని తిన్నాను కూడా.

ఆ రిజిస్టరును గుండెలకు హత్తుకుని కౌంటరు దగ్గరికి వెళ్లాను. అక్కడ రిపోర్టులు కంప్యూటర్లో ఎక్కించే అమ్మాయి ఉంటుంది. పాపం మంచి పిల్ల, నేనంటే హడల్. "ఇది ఎందుకు కొట్టలేదు?" అని ఎర్ర రాత మీద వేలు పెట్టి అడిగాను.

ఆ పిల్ల బిక్కమొహం వేసింది. "దీదీ, సిస్టమ్‌లో రిమార్కుకి జాగానే లేదు కదా. అంకె ఒక్కటే ఎక్కుతాది. మీకు తెల్దా?"

నాకు తెలియదు. కంప్యూటర్ వచ్చి ఐదారేళ్లయింది. వచ్చిన రోజు ఒక్క పూట శిక్షణ ఇచ్చారు. రిమార్కులు ఎక్కడ కొట్టాలని ఎవరో అడిగితే, తర్వాత పెడతాం అన్నారట. ఆ 'తర్వాత' రానే లేదు. అంతకుముందు చేతిరాత రిపోర్టులున్నప్పుడు నా ఎర్ర సిరా కాగితంతో పాటు వార్డుకు చేరేది. ఈ ఐదారేళ్లూ నేను రాసిన ప్రతి హెచ్చరికా ఆ పుస్తకంలోనే ఉండిపోయింది. పుస్తకం నిండితే బీరువాలో పెట్టి తాళం వేశాం. నేనేమో మళ్లీ పంపమన్నా పంపరని వాళ్లకు పొగరని తిట్టుకుంటున్నాను.

"డాక్టర్లు రాసిన చీటీలేవీ?" అన్నాను.

ఆ పిల్ల బల్ల కింద నుంచి తీగకు గుచ్చిన కట్ట తీసింది. వెతికితే అక్క చీటీ దొరికింది. ఆ కుర్ర డాక్టరు అబద్ధం చెప్పలేదు. విరేచనాలు, మాత్ర పేరు, కాళ్లలో బలం లేకపోవడం, చివర పొటాషియం అనుమానం, దాని కింద రెండు గీతలు. అన్నీ రాశాడు. కౌంటరుకూ నా బల్లకూ మధ్య ఒక చెక్క పలకల గోడ. అతని రాత గోడకు అటువైపు తీగకు వేలాడింది, నా రాత గోడకు ఇటువైపు పుస్తకంలో పడుంది. ఇద్దరం బుద్ధిగా రాశాం, మధ్యలో మా అక్క పడింది.

రెండు రోజులు ఐసీయూ బయట ఉన్నాను. మూడో రోజు అక్క కాలివేళ్లు కదిపింది. డాక్టరమ్మ గండం గడిచిందని చెప్పాకే నేను ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం ఎక్కడికీ పోలేదు, కూర్చునే ఉంది.

మా ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్లి అన్నీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "కమ్యూనికేషన్ గ్యాప్ ఉందమ్మా, మీటింగ్ పెడదాం" అన్నాడు. మీటింగ్ పెట్టారు. సమోసాలొచ్చాయి, టీ వచ్చింది. డాక్టర్లు ఒకవైపు, ల్యాబ్ వాళ్లం ఒకవైపు, పెళ్లిమాటల్లో కూర్చున్నట్టు కూర్చున్నాం. డాక్టర్లు చీటీలు సరిగా నింపరని మావాళ్లన్నారు. ల్యాబ్‌కు ఫోన్ చేస్తే కరుస్తారని డాక్టర్లన్నారు. ఆ మాటకు కొందరు నా వైపు చూశారు. ఒక పెద్ద డాక్టరు సమోసా తుంచుకుంటూ, "అనుమానం వస్తే మీ అంకెలు ఎలాగూ నమ్మం లెండి" అన్నాడు, అందరూ నవ్వారు. మా ఇన్‌ఛార్జి కూడా నవ్వాడు.

నేను లేచి నిలబడ్డాను. రిజిస్టరు, చీటీ తీసి బల్ల మీద ఆయన ప్లేటు పక్కన పెట్టాను. "నమ్మని అంకె కోసం మనిషి ఒంట్లో సూది ఎందుకు గుచ్చుతారు సార్?" అన్నాను. చీటీ చదివాను. రిజిస్టరు చదివాను. ఈ రెండు కాగితాలూ ఒక్కచోట చూసిన మొదటి మనిషిని నేనేనని, అదీ మా అక్క చావుబతుకుల్లో పడ్డాకేనని చెప్పాను. "ల్యాబ్ కరుస్తుందన్నారు, ఆ కరిచేదాన్ని నేనే. మీరు భయపడి ఫోన్ మానేస్తే నేను సంతోషించాను. అది నా తప్పు. పరీక్ష ఎందుకు రాశారో మాకు చెప్పాల్సిన పని లేదనుకోవడం మీ తప్పు. కంప్యూటర్లో ఒక గడి లేదని ఐదారేళ్లు ఎవరికీ తెలియకపోవడం మనందరి తప్పు. తప్పులు పంచుకోవడం అయిపోయింది కాబట్టి ఇప్పుడేం చేద్దామో చెప్పండి." సమోసా ఆయన చేతిలోనే ఉండిపోయింది.

ఏం చేశామో చెబితే మీకు నవ్వొస్తుంది, నాకు మాత్రం మండింది. రిమార్కుకు గడి లేకపోతే అంకె గడిలోనే మాటలు కొట్టొచ్చునని కౌంటరు అమ్మాయి చెప్పింది. అంటే పాడైన శాంపిల్‌కు అంకె ఇవ్వకుండా, అదే గడిలో "మళ్లీ పంపండి" అని కొట్టడం. ఒక్క నిమిషం పని. ఎవరినీ అనుమతి అడగక్కర్లేదు. ఇన్నేళ్లూ ఆ పిల్లను ఎవరూ అడగలేదు, నేనంటే హడలి ఆ పిల్ల చెప్పలేదు. ఇంకా, గొట్టంతో పాటు చీటీ కూడా లోపలికి రావాలన్నాం. ప్రాణం మీదికొచ్చే అంకె కనిపిస్తే పరీక్ష రాసిన డాక్టరుకే ఫోన్ చేయాలని, విన్న అంకెను అతను తిరిగి చెప్పేదాకా ఫోన్ పెట్టకూడదని అనుకున్నాం. ఫోన్ చేసే పని నేనే తీసుకున్నాను. మొదటి వారం నా గొంతు వినగానే అవతలివాళ్లు ముందే సారీ చెప్పేవాళ్లు.

కానీ ఒక సంగతి తేలలేదు. ఆ ద్వీపం గొట్టాలే ఎందుకు ఎర్రగా వస్తున్నాయి? కుర్ర డాక్టరుకు మళ్లీ ఫోన్ చేశాను, ఈసారి అరవలేదు. రక్తం బాగానే తీస్తున్నామని, ఐస్ ప్యాకులకు గుడ్డ చుట్టి, గొట్టాలు వాటికి తగలకుండా విడిగా నిలబెట్టి పంపుతున్నామని చెప్పాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు ఓడ వచ్చే వేళకు నేనే జెట్టీకి వెళ్లాను.

ఓడ మీద తాళ్లు కట్టే లష్కర్ ఒకాయన పెట్టెను దించాడు. మాలాగే తెలుగు మనిషి, వయసు యాభై దాటి ఉంటుంది, మా అక్క ఇంటి దగ్గరే ఉంటాడు. ద్వీపం నుంచి చేపలు కూడా అదే ఓడలో థర్మోకోల్ పెట్టెల్లో వస్తాయి. నన్ను చూసి నవ్వుతూ వచ్చాడు.

"నమస్తే దీదీ. పెట్టె కోసం నువ్వే ఒచ్చీసినావేటి? అక్క కైసీ హై? బాగున్నాదా?"

పెట్టె మూత తీశాను. గొట్టాలు కనపడలేదు. పైన అంతా దంచిన ఐసు, చేపల పెట్టెల్లో వేసే ఐసు. చేత్తో తవ్వితే గొట్టాలు ఐసులో నిలువునా పాతేసి ఉన్నాయి. ఒక గొట్టానికి చేప పొలుసు అంటుకుని ఉంది. రక్తం ఐసుముక్కలా బిగిసేంత చలిలో కణాలు పగలకుండా ఎలా ఉంటాయి?

"ఇది ఎవరు వేశారు?" అన్నాను.

"నానే దీదీ," అన్నాడు గర్వంగా. "ఆళ్లు రెండు సన్న ప్యాకెట్లెట్టీసి ఒగ్గేత్తారు. ఐదు గంటల రాస్తా, అదేటి సరిపోద్ది? సేపకే అన్ని ఐసు కావాల, మనిషి రగతం పాడవ్వదా? నానే రోజూ మూత తీసి నింపుతాను."

నా నోటి దాకా వచ్చింది. తిట్టడానికి నాకు మాటలు వెతుక్కోవాల్సిన అవసరం ఎప్పుడూ లేదు. అంతలో ఆయనే మళ్లీ అన్నాడు.

"అక్కది ఒచ్చిన దినం మరీ జాగ్రత్తగా సూసినాను. మా చెల్లి కాడికే ఎల్తాది భయ్యా, జర దేఖ్‌నా అని నాతో సెప్పినాది. అందుకే అక్క గొట్టానికి ఇంకో రెండు గుప్పిళ్లు ఎక్కువేసినాను."

నేను ఆ పెట్టె పక్కనే జెట్టీ మీద కూర్చుండిపోయాను. ఆ మనిషిని ఏమని తిట్టను? అతనికి పెట్టెలో ఏముందో చెప్పారు, ఎక్కడికి పోతుందో చెప్పారు, ఎలా ఉంచాలో ఎవరూ చెప్పలేదు. తనకు తెలిసిన మంచి పద్ధతి తను చేశాడు. ఐసు తగిలితే రక్తం పగిలిపోతుందని నెమ్మదిగా చెప్పాను. ఆయన ముఖం నల్లబడిపోయింది. "మరి ముందే సెప్పొచ్చు కదా దీదీ," అన్నాడు. "ఇన్నేళ్లు నాను..." అని ఆగిపోయాడు. అతను ఆగిన చోటే నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లు.

మర్నాడు బీరువా తాళం తీయించి పాత రిజిస్టర్లన్నీ దించాను. ఆ ద్వీపం నంబర్లు, పొటాషియం, పక్కన నా ఎర్ర సిరా. అవన్నీ ఒక కాగితం మీద ఎక్కించుకుని కుర్ర డాక్టరుకు ఫోన్ చేశాను. నేను నంబరు చదువుతాను, అతను తన దగ్గరున్న ఫైల్లో చూసి చెబుతాడు. ఈమె తర్వాత మళ్లీ వచ్చింది, బాగానే ఉంది. ఇతను మెయిన్‌ల్యాండ్ వెళ్లిపోయాడు. ఈవిడకు పరీక్ష ఊరికే చేయించాం. ఒక నంబరు దగ్గర అతను కాగితాలు వెనక్కీ ముందుకీ తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"ఇతను పోయాడు మేడమ్. పడవ ఇంజన్లు బాగుచేసే మనిషి. విరేచనాలు, నీరసమని వచ్చాడు. పొటాషియం నార్మల్ వచ్చింది, ఇంటికి పంపాను. రెండు రోజులకు ఇంట్లో పడిపోయాడు. నేను గుండెపోటని రాశాను."

"పొటాషియం వల్లేనా?"

"చెప్పలేను. మీరూ చెప్పలేరు. తెలుసుకోవడానికే కదా ఆ రోజు శాంపిల్ పంపాను."

ఆ పేజీ నా ముందే ఉంది. ఆ మనిషి నంబరు పక్కన నా రాత అన్నిటికంటే అందంగా ఉంది. ఆ రోజు ఎందుకో తీరిగ్గా రాసినట్టున్నాను.

అక్క ఆసుపత్రి నుంచి వచ్చాక వారం రోజులు డాలీగంజ్‌లో మా ఇంట్లోనే ఉంది. ఒక మధ్యాహ్నం దాని కాళ్లకు నూనె రాస్తూ, మీ ఊళ్లో పడవ ఇంజన్లు బాగుచేసే ఒకతను పోయాడట కదా అన్నాను.

"ఆడేటి? పాపం మంచోడే," అంది అక్క. "ఆడి పెళ్లాం బజార్లో నా పక్కనే కూకుంటాది గదే, ఎండు సేపలమ్ముతాది. నాను పడిపోయినప్పుడు ఎత్తుకున్నాది అదే. మా ఆయన్ని సూసుకోలేపోనాను, నిన్నైనా ఒగ్గను అనీసి ఓడ దాకా ఒచ్చినాది. నీకెలా తెలుసు ఆడు?"

ల్యాబ్‌లో ఎవరో అన్నారని చెప్పాను. అబద్ధం.

అక్క తిరిగి వెళ్లింది, మళ్లీ బజార్లో కూర్చుంటోంది. రోజూ ఫోన్ చేస్తాను, ఇప్పుడు అన్నీ అడుగుతాను, అది విసుక్కుంటుంది. మాట్లాడుతుంటే పక్క నుంచి ఒకావిడ గొంతు వినపడుతూనే ఉంటుంది, ఎండు చేపల కోసం వచ్చినవాళ్లను హిందీలో పిలుస్తూ. ఒక్కోసారి అక్క ఫోన్ లాక్కుని, "దీదీ, మీ అక్కను సూసుకోడానికి నానున్నాను, ఫికర్ మత్ కరో" అంటుంది. నేను సరే అంటాను. ఎన్నో వార్డుల నోళ్లు మూయించిన నేను, ఆవిడ దగ్గర సరే తప్ప ఇంకో మాట అనలేకపోతున్నాను.

ఇదంతా తెలుగులో ఎందుకు రాశానో ఇప్పుడు చదువుకుంటే తెలుస్తోంది. అక్కకు తెలుగు చదవడం రాదు. ఎండు చేపలావిడకూ రాదు. చెప్పాల్సిన మాటను మళ్లీ శుభ్రంగా, గుండ్రంగా, ఎవరికి చేరాలో వాళ్లకు చేరని చోట రాసుకుని కూర్చున్నాను. శనివారం ఓడకు టికెట్ తీసుకున్నాను. బజార్లో అందరి ముందూ కాకుండా ఆవిడ ఇంటికే వెళ్లి చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో ఇంకా తెలియదు.